నా మీద పుట్టిన ఏడు పులులు

నేను ఒక గాజుపలకను. పొడవు జానెడున్నర, వెడల్పు జానెడు. ఇంత ఒంటి మీద పదకొండు పులులను మోశాను. వాటిలో నాలుగు అడవిలో పుట్టినవి, ఏడు నా మీద పుట్టినవి. ఆ ఏడింటి సంగతి నాకు తెలుసు, మండ్లి బయన్నకు తెలుసు, ఇంకో నలుగురు ప్రభుత్వోద్యోగులకు తెలుసు. ఆ నలుగురూ చెప్పరు. బయన్న చెబితే ఎవరూ వినలేదు. ఇక మిగిలింది నేను. గాజు మాట్లాడితే ఎవరు నమ్ముతారని నాకూ అనుమానమే. అయినా మనిషి మాట్లాడితే మాత్రం ఎవరు నమ్మారు?

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మార్కాపురం బస్టాండు వెనక ఒక గాజు కొట్టులో, ఎవరింటి అలమరా తలుపుకో కోయగా మిగిలిన ముక్కను. అలాంటి ముక్కలను గోడవార నిలబెట్టి, అడిగినవాళ్ళుంటే ఇచ్చెయ్యడం, లేకపోతే పగలగొట్టి గోనెసంచిలో పోయడం ఆ కొట్టు ఆసామి అలవాటు. నా వంతు రేపో మాపో అనుకుంటుండగా ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చాడు. పేరు ఖాజాపీరా. నల్లమలలో ఎర్రవాగు రేంజి అనే చోట అటవీశాఖ బీటు గార్డు. నన్ను వెలుగుకు ఎత్తి చూసి, "తేటగా ఉంది, గీతల్లేవు, ఇది చాలు" అన్నాడు. నన్ను మెచ్చుకుని తీసుకున్న మొదటి మనిషి ఆయనే. చివరి మనిషి కూడా ఆయనే అనుకుంటాను.

మార్కాపురం రాతిపలకల ఊరు కదా. పక్క వీధిలోనే పలకలకు చెక్క చట్రాలు బిగించే షెడ్డు ఉంది. ఖాజాపీరా నన్ను అక్కడికి తీసుకుపోయి, బడిపిల్లల పలకకు బిగించినట్టే నాకూ చట్రం బిగించమన్నాడు. నాలుగు మూలలా అంగుళం ఎత్తున చెక్క కాళ్ళు కూడా పెట్టించాడు. చట్రాలు బిగించే మనిషి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని మీద బలపం పడదు గదా సార్, ఏం రాస్తారు?"

"పులుల్ని రాస్తాం" అన్నాడు ఖాజాపీరా.

షెడ్డంతా నవ్వింది. నా పక్కన దొంతిగా పేర్చిన నల్లపలకలు ఓనమాలకు పోతున్నాయి, నేను మాత్రం పులులకు పోతున్నానని ఆ పూట నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఓనమాలే నయం.

అప్పట్లో పులులను లెక్కపెట్టే పద్ధతి ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. పులి కంటపడదు. కంటపడేది దాని అడుగు. బండిబాట మీద మెత్తటి దుమ్ములో అడుగు పడి ఉంటే, అది చెదరకుండా దాని మీద నన్ను నా నాలుగు కాళ్ళ మీద నిలబెడతారు. పైనుంచి చూస్తూ, కింద కనపడే అంచు వెంబడి నా మీద స్కెచ్ పెన్నుతో గీస్తారు. ఒక మడమ, నాలుగు వేళ్ళు. తర్వాత ఆఫీసుకు తీసుకుపోయి, నా మీద పల్చటి కాగితం పరిచి, ఆ గీతను కాగితం మీదికి దించుకుంటారు. నన్ను తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అడవికి పంపుతారు. పులికి నాలుగు కాళ్ళున్నాయి కాబట్టి ఒకే పులిని నాలుగుసార్లు లెక్కపెట్టకుండా పైనుంచి ఒక నియమం వచ్చింది. వెనక ఎడమకాలి అడుగు ఒక్కటే లెక్కలోకి తీసుకోవాలి. ఒక ఎడమకాలు అంటే ఒక పులి. నియమం రాసినవాళ్ళు తెలివైనవాళ్ళే. కాకపోతే గాజుకు రెండు ముఖాలుంటాయన్న సంగతి వాళ్ళకు తట్టలేదు.

నా మీద గీసే చెయ్యి బయన్నది. ఆయన ఇప్పచెలమ పెంట చెంచు. పెంట అంటే చెంచులు కాపురముండే చిన్న గూడెం, అక్కడ పంతొమ్మిది గుడిసెలు. బయన్నకు అప్పటికి నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. అడుగు కనపడితే ముందు దాని పక్కన గొంతుకూచుని చాలాసేపు ఊరికే చూసేవాడు. దుమ్మును వేలి వెనకవైపుతో తాకేవాడు. ఆ తర్వాత, "తెల్లారగట్ట పోయినాడు. కడుపునిండా తిన్నాడు. తొందర్లేదు" అని, పక్కింటాయన కబురు చెప్పినంత మామూలుగా చెప్పేవాడు. చదువు రాదు. సంతకానికి బొటనవేలే.

ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ నేను నిజంగా గాజునే. నా అవతల ఏముందో అదే నా మీదికి వచ్చేది. అంతకంటే గాజుకు కావలసిన గౌరవం ఏముంది?

అయితే బయన్నకు ఒక అలవాటుంది. నియమం ఎడమకాలు ఒక్కటే చాలన్నా, ఆయన వెనక కాళ్ళు రెండూ గీసేవాడు. మొదటిరోజే ఖాజాపీరా అడిగాడు.

"కుడిదెందుకు బయన్నా? ఎడమది చాలు గదా."

"ఎడమకాలు చూస్తే ఆడదని తెలుస్తాది సారూ. కుడికాలు చూస్తేనే ఆమె అని తెలుస్తాది."

ఆమె అంటే ఒక ఆడపులి. కుడి వెనకకాలికి లోపలివైపు వేలు లేదు. కూనగా ఉన్నప్పుడు అడవిపంది కోసం ఎవరో పెట్టిన తీగ ఉచ్చులో ఆ వేలు తెగిపోయింది. ఉచ్చులో మిగిలిన వేలును బయన్నే తీసి మట్టి చేశాడు. ఆ తీగను ఇంకెవరూ పెట్టకుండా చుట్టచుట్టి తన గుడిసె చూరులో దోపాడు. అప్పటినుంచి ఆమెను మొండివేలామె అంటాడు. ఆమె అడుగు కనపడిన రోజున బయన్న ముఖం వేరుగా ఉండేది. తప్పిపోయిన మేకపిల్ల ఇల్లు చేరితే మనుషుల ముఖం ఎలా ఉంటుందో అలా.

"కుడికాలుకి మడమ కింద చుక్క పెడతాండా సారూ. చుక్క ఉండేవాటిని లెక్కలో కలపబాకండి" అని ఖాజాపీరాకు మరీ మరీ చెప్పాడు.

పది రోజులు తిరిగాం. ఆరోరోజు అకాలపు వాన పడింది. వాగు ఒడ్డున బురదలో మూడు చోట్ల అడుగులు పెద్దపెద్దగా విచ్చుకుని ఉన్నాయి. ఖాజాపీరా వాటినీ గీయమన్నాడు. బయన్న గీస్తూనే, "ఇవి మనం ముందు చూసినవాళ్ళయే సారూ. బురదలో ఎవరి కాలైనా పెద్దదే" అన్నాడు. పదోరోజు సాయంత్రం చేతి వేళ్ళు నాలుగూ చూపించాడు.

"నాలుగు. మొండివేలామె, ఆమె తల్లి, పెద్ద మగాయన, తూర్పు లోయలో కొత్తగా వచ్చిన కుర్రోడు."

"ఐదోది ఉండదంటావా?"

"ఉంటే నాకు చెప్పకుండా తిరగదు సారూ" అని నవ్వాడు బయన్న. ఖాజాపీరా కూడా నవ్వాడు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

ఇక ఆఫీసు కథ. గీతలు కాగితం మీదికి దించే పని జూనియర్ అసిస్టెంటు శేషగిరిది. చల్లగాలికి స్కెచ్ పెన్ను సిరా సరిగా ఆరలేదు. కాగితం పరిస్తే అంటుకుని మరకలవుతోంది. రెండు కాగితాలు పాడయ్యాక ఆయనకు విసుగు పుట్టి, నన్ను బోర్లా తిప్పాడు. సిరా ఉన్న ముఖం కిందికి, తుడిచిన ముఖం పైకి. కాగితం శుభ్రంగా ఉంది, గీత చక్కగా దిగింది. ఒక్కటే తేడా. బోర్లా తిప్పిన గాజులో కుడికాలు ఎడమకాలవుతుంది. ఆ రోజు నా మీద ఉన్నది మొండివేలామె కుడికాలు. శేషగిరి శ్రద్ధగలవాడు, మడమ కింద చుక్కను కూడా వదలకుండా దించాడు.

నిజం చెప్పాలి, ఇంతవరకూ జరిగింది పొరపాటే. ఎవరినీ తప్పుపట్టను. తర్వాత జరిగిందే నాకు మింగుడుపడదు.

రేంజరు విశ్వనాథం వచ్చి బల్ల మీద కాగితాలు చూశాడు. ఒక ఎడమకాలికి నాలుగు వేళ్ళు, ఇంకో ఎడమకాలికి మూడు.

"ఇది వేరే పులా?"

"కాదు సార్. అదే ఆడపులి. కుడికాలును తిప్పి దించినట్టున్నారు" అన్నాడు ఖాజాపీరా.

రేంజరు కుర్చీలో కూచుని కాగితాన్ని చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు. అడవిలో ఎవరైనా ప్లాస్టిక్ సంచి పారేస్తే బండి దిగి తానే ఏరే రకం. కానీ పోయినసారి ఈ రేంజిలో ఏడు పులులని రాసి ఉంది. అది రాసింది ఈయన కాదు. ఎవరు ఎలా రాశారో ఎవరికీ తెలియదు.

"ఇప్పుడు నాలుగని రాస్తే, మూడు పులుల్ని ఏం చేశావని నన్ను నిలదీస్తారు" అన్నాడు మెల్లగా. "ఎడమకాలు లాగానే ఉంది కదయ్యా. ఉండనీ."

అంతే. అంతకుముందు దించిన మిగతా మూడు కుడికాళ్ళ కాగితాలనూ శేషగిరి నా మీద బోర్లా పరిచి మళ్ళీ దించాడు, ఈసారి సిరా ఆరినా సరే. నాలుగు పులులు ఎనిమిదయ్యాయి. బురదలో విచ్చుకున్న మూడు అడుగులను పెద్ద మగపులులుగా రాశారు. పదకొండు. ఖాజాపీరా కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఒక్క మాట అనగలిగేవాడు. అనలేదు. నాలుగు నెలల తర్వాత సొంత ఊరి పక్కకు బదిలీ అయి వెళ్ళిపోయాడు. నన్ను మెచ్చుకుని తీసుకున్న మనిషి కదా, అందుకే ఆయన మీద నాకు ఎక్కువ కోపం.

మరునాడు బయన్నను పిలిచి పదకొండు కాగితాలు ముందు పెట్టారు. ప్రతి కాగితం కింద "జాడ చూసినవారు" అని ఒక గడి ఉంది. బయన్న కాగితాల దొంతి చూసి తడబడ్డాడు.

"ఇన్నెందుకు సారూ?"

"అన్నీ నువ్వు గీసినవే కదా?" అన్నాడు శేషగిరి.

"నేను గీసినవే."

అడిగిన ప్రశ్నలో అబద్ధం లేదు. చెప్పిన జవాబులోనూ అబద్ధం లేదు. బయన్న సిరాపెట్టె మీద బొటనవేలు ఆనించి పదకొండుసార్లు వేశాడు. చివర్న వేలిని తన వెంట్రుకలకు తుడుచుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నన్ను అలమరాలో పెట్టి తాళం వేశారు.

పదకొండు పులులు! పేపర్లో వేశారు. పెద్ద ఆఫీసర్లు వచ్చి రేంజరుకు శాలువా కప్పారు. ఆఫీసులో మైసూరుపాకు పంచారు. అలమరా అద్దం తలుపులోంచి అన్నీ చూస్తూనే ఉన్నాను. ఆ మరుసటి ఏడాదే ఉత్తరువు వచ్చింది. ఇన్ని పులులున్న అడవి నడిబొడ్డున మనుషులుంటే పులులకు ఇబ్బంది, కాబట్టి ఇప్పచెలమ పెంటను ఖాళీ చేయించి ఘాటురోడ్డు పక్కన కాలనీకి తరలించాలి.

గుడిసెల సామాను వేసుకుని లారీ ఆఫీసు ముందే ఆగింది. చాటలు, కుండలు, ఒక మంచం, కట్టేసిన కోళ్ళు. బయన్న వరండా మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"నాలుగే అని చెప్పినా గదా సారూ" అన్నాడు.

"కాగితంలో పదకొండున్నాయి బయన్నా. వేలేసింది నువ్వే" అన్నాడు రేంజరు. ఆ మాట అనేటప్పుడు ఆయన బయన్న వైపు చూడలేదు.

బయన్న భార్య ఈదమ్మ లారీ మీదినుంచి దిగి వచ్చింది. మొగుడి కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలును పైకెత్తి చూపించింది.

"మా పెంటను లేపింది ఈ వేలేనంట గదా సారూ. మా తాతల కాలం నుంచి పులి దోవకు మేం అడ్డం పోలా, మా దోవకు అది అడ్డం రాలా. దానికి తెలవని ఇబ్బంది మీకెట్ట తెలిసింది?"

రేంజరు లోపలికి వెళ్ళిపోయాడు. లారీ కదిలింది. కాలనీలో వాళ్ళకు సిమెంటు గదులిచ్చారు. బయన్నను మాత్రం దినకూలీ కింద జాడ చూసే పనిలోనే ఉంచుకున్నారు. రోజూ రోడ్డు మీదినుంచి రెండు గంటలు నడిచి, తాను పుట్టిన చోటికి ఉద్యోగానికి వచ్చేవాడు.

మూడేళ్ళు గడిచాయి. విశ్వనాథం పెద్ద పదవి మీద రాజధానికి పోయాడు. అప్పుడు చారుశీల అనే పరిశోధకురాలు పెట్టెలకొద్దీ కెమెరాలు తీసుకుని వచ్చింది. వాటిని చెట్లకు కడితే, ఎదురుగా ఏది నడిచినా దానంతట అదే ఫొటో పడుతుంది. ఏ రెండు పులుల చారలూ ఒకలాగుండవు కాబట్టి, ఫొటోల్లో చారలు పోల్చి లెక్కపెడతారు. కెమెరాలు ఎక్కడ కట్టాలో చూపించింది బయన్నే. నలభై అయిదు రోజుల తర్వాత ఆమె ఆఫీసు వరండాలో కూచుని ఫొటోలు పరిచింది.

"నాలుగే బయన్నా" అంది, బాధగా.

బయన్న గట్టిగా నవ్వేశాడు. "ఆ పెట్టెలు కట్టకముందే చెప్పినా గదమ్మా! ముసలి తల్లి పోయింది. మొండివేలామెకు పుట్టిన కూన పెద్దదైంది. పోయిందొకటి, వచ్చిందొకటి. నాలుగు నాలుగే."

ఆ నవ్వులో ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. కెమెరా సాక్ష్యం చెప్పింది కాబట్టి పదకొండు తప్పని తేలిపోతుంది, తేలితే పెంటకు తిరిగి పోవచ్చు. సాయంత్రం వెళ్ళేటప్పుడు వాచ్‌మన్‌తో, "ఇంక మా చెలమ నీళ్ళు మేం తాగుతాం" అన్నాడు. ఇంత తెలివైన జాడగాడికి మనుషుల జాడ మాత్రం చూడటం రాలేదు.

పేపర్లో వచ్చింది వేరు. "ఏడు పులులు మాయం" అని ఇంత లావు అక్షరాలతో వేశారు. పదకొండులో నాలుగు తీసేస్తే ఏడు. తీసివేత అందరికీ వచ్చు. ఆ పదకొండు ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కరికైనా అనుమానం రాలేదు. పులుల దారులు ఎవరికి తెలుసు? అడుగులు చూసే చెంచులకు. మరి చంపింది ఎవరు? కాలనీ సోదా చేశారు. బయన్న ఇంట్లో ఒక విల్లు, నాలుగు బాణాలు దొరికాయి. చూరు లేని సిమెంటు గదిలో మేకుకు తగిలించిన తీగ ఉచ్చు కూడా దొరికింది.

విచారణాధికారి రేంజి ఆఫీసు వరండాలో బల్ల వేయించుకున్నాడు. పదకొండు కాగితాలూ ముందు పెట్టుకున్నాడు.

"ఈ వేలిముద్రలు నీవేనా?"

"నావే సారూ."

"అప్పుడు పదకొండు ఉన్నాయని వేలేశావు. ఇప్పుడు నాలుగే ఉన్నాయి. ఏడు ఏమయ్యాయి?"

ఏ ప్రశ్న తన మీద పడుతుందని విశ్వనాథం భయపడ్డాడో, ఆ ప్రశ్న అచ్చంగా ఆ మాటలతోనే బయన్న మీద పడింది. బయన్న అలమరా వైపు చూపించాడు.

"ఆ ఏడూ అడివిలో పుట్టలా సారూ. ఆ అద్దంలో పుట్టినాయి. దాన్ని తెప్పియ్యండి, చూపిస్తా."

నన్ను తెచ్చారు. బయన్న చెప్పులు లేని కాళ్ళతో వాకిట్లో దుమ్ము మీద అడుగేసి, తన కుడికాలి జాడ మీద నన్ను నిలబెట్టి, అంచు గీశాడు. మడమ కింద చుక్క పెట్టాడు. నన్ను ఎత్తి బోర్లా తిప్పి అధికారి ముందు బల్ల మీద పెట్టాడు. కుడికాలు ఎడమకాలైంది.

"ఇప్పుడు నా అసలు ఎడమకాలొకటి, ఇదొకటి. రెండు ఎడమకాళ్ళు. మరి ఎంతమంది బయన్నలం ఉండాం సారూ? ఆ కాగితాల్లో చుక్క ఉండేవి ఎన్నో చూడండి. నాలుగుంటాయి. అవి కుడికాళ్ళు. మూడేమో బురదవి."

అధికారి కాగితాలు తిరగేశాడు. నాలుగింటి మీద చుక్క ఉంది. ఆయన నన్ను చేతిలోకి తీసుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూశాడు. నేను ఆయన కళ్ళకు అంత దగ్గరగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆయనకు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. నన్ను కింద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అంటే అప్పుడు రాసినవాళ్ళంతా తప్పు రాశారంటావు. శాలువాలు కప్పినవాళ్ళు, పెంటను ఖాళీ చేయించినవాళ్ళు, అందరూ."

"నేను ఎవర్నీ ఏమీ అన్లా సారూ. అద్దం చూపిస్తాంది."

అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. "రాయండి. పదకొండు జాడలూ తన చేతితోనే గీసినట్టు ముద్దాయి ఒప్పుకున్నాడు. మిగిలిన ఏడు పులుల ఆచూకీ చెప్పలేకపోయాడు."

చారుశీలను కూడా పిలిచి అడిగారు. ఇప్పుడు ఎన్ని ఉన్నాయన్నదే తన సర్వే అని, పాత లెక్కల గురించి తాను వ్యాఖ్యానించకూడదని చెప్పింది.

బయన్నను జైలుకు పంపారు. నా చట్రానికి చీటీ కట్టి, సాక్ష్యం కింద కోర్టు సామాన్ల గదిలో పడేశారు. సారా డబ్బాలు, తుప్పు సైకిలు, రక్తం ఎండిన గొడ్డలి మధ్య నాలుగేళ్ళు ఉన్నాను. సాక్ష్యాన్ని కదా, ఎప్పుడో ఒకరోజు పిలుస్తారని ఎదురుచూశాను. ఒక్కసారీ పిలవలేదు. బయన్న పధ్నాలుగు నెలలు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. ఆ పైన రెండున్నరేళ్ళు వాయిదాలకు తిరిగాడు, ప్రతి వాయిదాకూ ఈదమ్మ వెంట నడిచింది. చివరికి కేసు కొట్టేశారు. తోలు దొరకలేదు, గోరు దొరకలేదు, ఎముక దొరకలేదు. పుట్టనివాటికి తోలెక్కడినుంచి వస్తుంది? అయితే అటవీశాఖ దస్త్రంలో మాత్రం ఆ ఏడు పులులూ గుర్తుతెలియని వేటగాళ్ళ చేతిలో చనిపోయినట్టే ఉంది. పదకొండు అన్న మాటను ఎవరూ కొట్టివేయలేదు. బయన్న అడవిలో అడుగు పెట్టకూడదని కేసు నాడు శాఖ ఇచ్చిన ఉత్తరువునూ కొట్టివేయలేదు.

ఇప్పుడు నేను ఘాటురోడ్డు మలుపులో కట్టిన వనవిజ్ఞాన కేంద్రంలో ఉన్నాను. నా కింద ఒక బోర్డు పెట్టారు. "పులుల అడుగులు గీసే అద్దం. ఈ అద్దంతోనే ఈ రేంజిలో పదకొండు పులులను గుర్తించారు." అబద్ధం కాదు. గుర్తించారు.

బయన్న కూడా ఇక్కడే ఉన్నాడు. యాత్రికుల బస్సులు వచ్చే రోజుల్లో, పూర్వం అడుగులు ఎలా గీసేవారో చూపించడం ఆయన పని. తలకు నెమలీక, నడుముకు నాటకాల కంపెనీ నుంచి తెచ్చిన చుక్కల గుడ్డ. ఒక తొట్టిలో ఇసుక, ఒక రబ్బరు పులికాలు. వెనక ఎడమది. ఆ రబ్బరు కాలును ఇసుకలో అదిమి, దాని మీద నన్ను పెట్టి గీస్తాడు. జనం ఫొటోలు తీసుకుంటారు. "మీరెప్పుడైనా పులిని చంపారా?" అని ఒకాయన ముద్దుగా అడిగాడు. బయన్న ఇసుకను చదును చేశాడు. ఈదమ్మ కేంద్రం చుట్టూ ఊడుస్తుంది. పంతొమ్మిది గుడిసెల్లో మిగిలినవాళ్ళు ఎక్కడెక్కడికో కూలికి పోయారు.

పోయిన శ్రావణంలో ఒక ఉదయం. రాత్రి వాన పడి వెలిసింది, బస్సు ఇంకా రాలేదు. నన్ను కడగడానికి నీళ్ళకోసం బయన్న కేంద్రం వెనకవైపు కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో నీళ్ళు లేవు. నన్ను తీసుకుని మళ్ళీ వెనక్కు నడిచాడు. కుళాయి పక్కన ఎర్రమట్టిలో గొంతుకూచుని, నన్ను నా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టాడు.

నా కింద అడుగు ఉంది. వెనక కుడికాలు. లోపలివైపు వేలు లేదు.

ఎన్నేళ్ళయింది నా కింద నిజమైన అడుగు పడి! మడమ అంచు అరిగింది. ముసలిదైపోయింది. కూతుళ్ళో, కొత్త మగపులులో ఆమెను కూడా తన చోటునుంచి తరిమినట్టున్నారు, రోడ్డు పక్కకు వచ్చింది. బయన్న జేబులోంచి స్కెచ్ పెన్ను తీశాడు. మూత తీశాడు. పెన్ను మొన నా మీద ఆనబోయి ఆగింది. ఆయన కంట్లోంచి ఒక చుక్క నా మీద పడింది, సరిగ్గా మడమ కింద.

ఈదమ్మ చీపురుతో వచ్చి నిలబడింది. కిందికి చూసింది. ఆమెకూ తెలిసింది.

"ఆమేనా?"

"ఆమే."

"గీయవా?"

"గీస్తే నలుగురికి తెలుస్తాది. బోను తెస్తారు, తుపాకి తెస్తారు, పేపరోళ్ళొస్తారు. చచ్చిపోతే మళ్ళా నన్నే అడుగుతారు." పెన్నుకు మూత పెట్టాడు. "ఆమెనన్నా బతకనీ."

నన్ను పక్కన పెట్టి, ఈదమ్మ చేతిలోని చీపురు తీసుకున్నాడు. అడుగులు కుళాయి దగ్గర మొదలై, గోడ పక్కగా, రోడ్డు అంచు దాకా పోయి, అక్కడ కొండ వైపు మళ్ళాయి. బయన్న ఒక్కొక్కదాని ముందు వంగి, చీపురుతో కాదు, చివరికి చేత్తోనే చెరిపాడు. నల్లమలలో ఆయనంత బాగా అడుగు చదవగలవాడు లేడు. అడుగు చెరపడం నేర్చుకున్నది ఆ ఉదయమే.

బస్సు హారన్ వినపడింది. బయన్న నెమలీక పెట్టుకుని, చుక్కల గుడ్డ చుట్టుకుని, ఇసుకలో రబ్బరు కాలు అదిమి, నన్ను దాని మీద నిలబెట్టాడు. చుట్టూ మూగినవాళ్ళలో ఒకావిడ, వేలు పట్టుకున్న బిడ్డను దగ్గరకు లాక్కుని అడిగింది.

"ఈ చుట్టుపక్కల పులులేమన్నా తిరుగుతాయా?"

"లేవమ్మా. ఈ పక్కకు ఒక్కటి కూడా రాదు" అన్నాడు బయన్న.

ఆమె నిశ్చింతగా తలూపింది. చుట్టూ ఉన్నవాళ్ళూ తలూపారు. నాలుగు అని ఇన్నేళ్ళు చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఆయన జీవితంలో ఆడిన మొదటి అబద్ధాన్ని మాత్రం బస్సెడు జనం చెప్పీ చెప్పకముందే నమ్మేశారు. ఆయన గోళ్ళలో ఎర్రమట్టి ఉంది, ఎవరూ చూడలేదు. నా ముందు కాలికి కూడా కొంచెం అంటుకుంది. మరునాడు ఈదమ్మ దాన్ని తుడవబోతే బయన్న వద్దన్నాడు. అది ఇంకా అలాగే ఉంది.